వెతుకులాటలో మా తోడు

ప్రెస్సులో యజమాని దగ్గర్నుంచి కట్టర్ మీద పనిచేసే మనిషి దాకా అందరికీ ఆవిడ ఒత్తులక్క. మందుల పెట్టెల్లో మడతలు మడతలుగా ఒక కాగితం పెడతారే, చీమ తలకాయంత అక్షరాలతో, ఎవరూ చదవకుండా పారేసేది, ఆ కాగితాలు అచ్చువేసే ప్రెస్సు అది. వాటి ప్రూఫులు దిద్దడం ఆవిడ ఉద్యోగం. ఒక్క ఒత్తు జారితే కొంప మునుగుతుందని ఆవిడ నమ్మకం. నమ్మకమేమిటి, ఒకసారి మునగబోయింది కూడా. "రోజుకు రెండు మాత్రలు" అని ఉండాల్సిన చోట ర ఒత్తు ఎగిరిపోయి "రోజుకు రెండు మాతలు" అని పడింది. యజమాని కడుపుబ్బ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. యంత్రం ఆపించి, అప్పటికే అచ్చయినవన్నీ దగ్గరుండి చింపించింది. పేరు ఆ రోజు పడింది.

ఇంట్లో ఆవిడకి ఒక అక్క ఉండేది. ఇద్దరికీ పెళ్ళి కాలేదు, కాలేదన్న బెంగ కూడా పెద్దగా లేదు. ఇంటికి తెచ్చుకున్న ప్రూఫుల్ని అక్క పైకి చదివేది, చెల్లెలు కాగితం మీద వేలు పెట్టుకుని చూసేది. "తల తిరుగుట, నోరు ఎండుట, అకారణ చిరాకు" అని అక్క వార్తలు చదివినట్టు చదువుతుంటే, "అన్నీ నీకున్నవే" అని చెల్లెలు అనేది. కాలం అలా సాఫీగా సాగిపోతుండగా, అక్క నలభై దాటిన వయసులో పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, పన్ను పీకిన డాక్టరునే పెళ్ళి చేసుకుంది. "పన్ను పోయింది, మొగుడొచ్చాడు" అని తనే అందరికీ చెప్పుకుని నవ్వింది. బావ మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే తిట్టుకుంటూ కాలక్షేపం చేయొచ్చు. మంచివాడితో సుఖంగా ఉన్న అక్కని ఏమని తిట్టుకుంటుంది? వాళ్ళు వేరే ఊళ్ళో కాపురం పెట్టారు. ఆదివారం ఆదివారం ఫోను చేసుకునేవాళ్ళు.

అక్క వెళ్ళాక ఇంట్లో ప్రూఫులు చూడటం పోయింది. ఒకటి రెండుసార్లు తనే పైకి చదివి తనే చూసుకోబోయింది గానీ, ఖాళీ గదిలో "వాంతులు, దద్దుర్లు" అని తన గొంతు తనకే వినపడేసరికి కాగితాలు మడిచి పెట్టేసింది. ఒంటికాయ సొంటికొమ్ము అని ఎవరినైనా అంటే విని నవ్విన మనిషి. ఆ మాట తనకింత బాగా అతుకుతుందని అనుకోలేదు.

ఆ రోజుల్లోనే ప్రెస్సులో కంప్యూటర్లు చూసే మెకానిక్ "దీంతో లైసెన్సుల గొడవ ఉండదు" అని చెప్పి ఆవిడ కంప్యూటర్లో పిచ్చుక పెట్టాడు. పిచ్చుకంటే పక్షి కాదు, బ్రౌజరు. ఇంటర్నెట్ తెరిచి చూడటానికి వాడే సాఫ్టువేరు. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. కొందరు ఔత్సాహికులు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, కలిసి తయారుచేసి, దాని లోపలి రాతంతా అందరికీ కనపడేలా పెట్టారు. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగు చేయొచ్చు, పదిమందికీ పంచొచ్చు. స్వేచ్ఛా సాఫ్టువేరు అంటారు దాన్ని. పైగా తెలుగులో ఉంది. ఒత్తులక్క తెరిచి చూసింది. పైన రెండు బాణాలున్నాయి. ఒకదాని కింద "వెనుకకు" అని ఉంది. రెండోదాని కింద "మందుకు" అని ఉంది.

కొమ్ము ఎగిరిపోయింది. బతుకంతా మందుల మధ్య గడిపిన మనిషికి ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. "మీ బాణం నొక్కితే ఏ మందు ఇస్తారో తెలుపగలరు" అని పిచ్చుకవాళ్ళ చిరునామాకి రాసింది. మర్నాడే జవాబొచ్చింది. "తప్పు పట్టుకున్నారు కదా, మీరే దిద్దండి. తెలుగు మాటలు మార్చడానికి తాళంచెవి మీకు పంపుతున్నాం" అని. అలా అడ్డంగా దొరికిపోయింది.

పిచ్చుకవాళ్ళ గుంపంటే పట్టుమని పదిమంది లేరు. పని పంచేదీ, తగాదాలు తీర్చేదీ ఒకతను. కట్టుబడి పనిలా అన్నిటికీ పురమాయిస్తాడని అతన్ని మేస్త్రి అంటారు. బొమ్మలూ అక్షరాల కొలతలూ చూసే పిల్ల రంగులమ్మాయి. మిగతావాళ్ళు ప్రోగ్రాములు రాసేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి ఇంటర్నెట్లో వాళ్ళకొక మాటల గది తెరుచుకుంటుంది. ఎవరి ఇంట్లో వాళ్ళు పని చేసుకుంటూనే ఉంటారు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు, లేకపోతే లేదు. ఒకరి కీబోర్డు టకటకలాడుతుంది, ఇంకొకరి ఇంట్లో కుక్కర్ కూత వేస్తుంది, రంగులమ్మాయి తనలో తను కూనిరాగం తీసుకుంటుంది. మధ్యలో ఎవరో "అక్కా, ఉన్నారా?" అంటారు. "ఉన్నాను" అంటుంది.

ఆ ఒక్క మాట అనడం కోసమే ఆవిడ ప్రెస్సు నుంచి ఇంటికి గబగబా నడిచి వచ్చేదని నేనంటే, ఆవిడ ఒప్పుకోదు. కానీ నిజం. వంట చేస్తున్నా, బట్టలు మడుస్తున్నా ఆ గది తెరిచే ఉండేది. ప్రెస్సులో యంత్రాల మోతలో మాటలుండవు, ఇంట్లో మాటలే లేవు. లోకంలో ఆవిడ ఉందో లేదో కనుక్కునేవాళ్ళు ఆ గదిలో మాత్రమే ఉన్నారు.

ఇప్పుడు అసలు మాట దగ్గరికి వస్తాను. పిచ్చుక పైభాగంలో వెతుక్కోవడానికి ఒక పెట్టె ఉంది. అందులో ఏది టైపు చేసినా ఒక పెద్ద వెతుకులాట కంపెనీకి వెళ్తుంది, జవాబులు అక్కణ్ణుంచి వస్తాయి. ఆ పెట్టె కింద చిన్న అక్షరాల్లో ఆ కంపెనీ పేరూ, దాని ముందు ఇంగ్లీషులో సెర్చ్ పార్ట్‌నర్ అనీ ఉండేది. దాన్ని తెలుగు చేయాలి. భాగస్వామి అని రాసి చూసింది. పెళ్ళి పత్రికలా ఉందనిపించి కొట్టేసింది. పొత్తుదారు అని రాసింది. అంగడి వాసన కొట్టింది. రెండు రోజులు నలిగి, మూడోనాడు స్టవ్ ముందు నిలబడి ఉండగా తట్టింది: "వెతుకులాటలో మా తోడు."

గదిలో చదివి వినిపించింది. "ఎంత బావుందో అక్కా" అంది రంగులమ్మాయి. మేస్త్రి "ఇది ఇంగ్లీషులో కంటే బావుంది" అన్నాడు. ఎవరికి ఏది లేదో వాళ్ళ కలంలోంచి అదే జారుతుందని అక్కడ ఎవరికీ తోచలేదు. ఆవిడకే తోచలేదు. ఆ రాత్రి ఆవిడ చాలా సంతోషంగా పడుకుంది.

వాడుకునేవాళ్ళు తెలుగులో రాసే ఉత్తరాలకి జవాబివ్వడం కూడా కొన్నాళ్ళకి ఆవిడ నెత్తినే పడింది. ప్రతి జవాబూ "మేము" అని మొదలుపెట్టి, "ఇట్లు, పిచ్చుక సహాయ బృందం" అని ముగించాలి. బృందమంటే ఒత్తులక్కే. ఎక్కువ ఉత్తరాలు రెండు ముక్కల్లో ఉండేవి, తిట్లతో సహా. ఒకాయనవి మాత్రం తీరిగ్గా, నిండుగా ఉండేవి. లిఫ్టులు బాగుచేసి రిటైరైన మెకానిక్ ఆయన. "బృందం వారందరికీ నమస్కారం" అని మొదలుపెట్టేవాడు. అక్షరాలు పెద్దవి చేయడం ఎలా అని అడిగేవాడు, చెబితే చేసుకునేవాడు, ఫలితం మళ్ళీ రాసేవాడు.

ఒకసారి ఆయన ఇలా రాశాడు: "లిఫ్టు నడిచేది బటన్ వల్ల అనుకుంటారు అందరూ. నడిపేది పైగదిలో ఉన్న మోటారు. మీరు మోటారు గది తలుపు తీసిపెట్టారు, అందుకే మీ పిచ్చుక వాడుతున్నాను. కానీ మోటారుకి కరెంటు ఎక్కడిదని నా సందేహం. ఉచితంగా ఇస్తున్నారు, ప్రకటనలు లేవు. ఎలా నడుపుతున్నారు? పెట్టె కింద 'మా తోడు' అని ఒక కంపెనీ పేరుంది. ఆ తోడు ఏమైనా ఇస్తాడా?"

ఒత్తులక్కకి పౌరుషం వచ్చింది. పిచ్చుకలో "చందా ఇవ్వండి" అని ఒక బటన్ ఉంది, దాన్ని తెలుగు చేసింది తనే. "మేము ఏ కంపెనీ దగ్గరా ఏమీ పుచ్చుకోము. మీవంటి అభిమానుల చందాలతోనే నడుస్తున్నాము" అని రాసి పంపింది. ఎవరినీ అడగలేదు. తెలిసిన సంగతే కదా అనుకుంది. పక్క మనిషి చదివి వినిపిస్తే తప్ప ప్రూఫు మీద సంతకం పెట్టని మనిషి, ఆ పూట ఎవరూ చదవకుండానే పెట్టేసింది.

ఆయన వెంటనే జవాబు రాశాడు. "చాలా సంతోషం. ఈ మాట పార్కులో నాతో నడిచేవాళ్ళకి చెప్పాను. వాళ్ళలో ఒకాయన, ఊరికే రారు మహానుభావులు, ఆ తోడు ఎంతిస్తున్నాడో కనుక్కో అని నన్ను వెక్కిరించాడు. బృందం వారు రాతపూర్వకంగా లేదన్నారని చెప్పి ఆయన నోరు మూయించాను."

రాతపూర్వకంగా అన్న మాట దగ్గర ఆవిడ వేలు ఆగింది. తప్పు దొరకబోయే ముందు ప్రూఫు మీద అలాగే ఆగుతుంది. మర్నాడు సాయంత్రం గదిలో మిగతావాళ్ళు ఇంకా రాకముందు మేస్త్రిని అడిగింది.

"తమ్ముడూ, చిన్న సందేహం. ఆ వెతుకులాట కంపెనీ మనకేమీ ఇవ్వదు కదా?"

"ఇవ్వకపోతే ఎలా నడుస్తున్నామనుకున్నారక్కా?"

"చందాలతో."

"చందాలు టీ ఖర్చుకి సరిపోతాయి" అన్నాడు మేస్త్రి. వెటకారంగా అనలేదు, అలసటగా అన్నాడు. "మన పెట్టెలో ఎవరైనా ఏదైనా వెతికితే అది ఆ కంపెనీకి పోతుంది కదా. అక్కడ ప్రకటనలు కనపడతాయి. వాటి మీద వాళ్ళకొచ్చే దాంట్లో మనకి వాటా ఇస్తారు. మొదట్నుంచీ వాళ్ళనే ఆ పెట్టెలో పెట్టి ఉంచినందుకు. సర్వర్ల అద్దె అదే. నా జీతం, ఇంకొకతని జీతం అదే."

"ఎంతిస్తారు?"

"అది బయటపెట్టకూడదని ఒప్పందం."

"ఇస్తారన్న సంగతి?"

"అది చెప్పొద్దని ఎవరూ అనలేదు."

"మరి ఎక్కడా చెప్పలేదే."

"దాచలేదక్కా. చెప్పలేదు, అంతే" అన్నాడు. "దీని మీద పెట్టిన మీటింగులో మీరు కూడా ఉన్నారు. సెర్చ్ ఒప్పందం పొడిగిస్తున్నామని చెప్పాను. అభ్యంతరాలున్నాయా అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. మీరూ మాట్లాడలేదు" అన్నాడు.

గుంపులో అది పద్ధతి. ఓట్లూ చేతులెత్తడాలూ ఉండవు. ఏదైనా ప్రతిపాదిస్తారు, కాసేపు ఆగుతారు, ఎవరూ కిమ్మనకపోతే ఆమోదం పొందినట్టే. మౌనం అర్ధాంగీకారం. ఒత్తులక్కకి ఆ మీటింగు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం చీరలు ఇస్త్రీ చేసుకుంటూ విన్నది. విన్నదంటే, రేడియో విన్నట్టు విన్నది. ఎవరికి జలుబు చేసింది, ఎవరు ఉషారుగా ఉన్నారు అన్నది తప్ప ఏం మాట్లాడుకుంటున్నారన్నది పట్టించుకోలేదు. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా. ప్రతి అక్షరాన్నీ నిలదీసే మనిషి, తన మౌనాన్ని ఎక్కడ లెక్కేశారో చూసుకోలేదు.

"మరి పార్ట్‌నర్ అంటే ఏమనుకున్నారక్కా మీరు?"

"తోడనుకున్నాను" అంది.

మేస్త్రి నవ్వాడు, మెత్తగానే. "మంచి మాటే పెట్టారు. ఆ కంపెనీవాళ్ళకి అర్థం చెబితే వాళ్ళకీ నచ్చింది. మిగతా భాషల్లోనూ అలాంటి మాటే పెట్టగలరా అన్నారు."

ఈ చివరి సంగతే ఆవిడకి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది. డబ్బు తీసుకోవడం తప్పని ఆవిడ అనుకోలేదు. సర్వర్లు గాలి మీద నడవవు, మేస్త్రికీ ఇల్లు గడవాలి. కానీ స్టవ్ ముందు నిలబడి, తన లోపలి వెలితిలోంచి తీసి ఇచ్చిన మాట, ఒక కంపెనీ మొహానికి పౌడరు అయింది. దాన్ని చూసి అడిగిన పెద్దమనిషి, తన జవాబు నమ్మి పార్కులో నలుగురి ముందు తగువుపడ్డాడు.

"తమ్ముడూ, మా కాగితాల్లో కడుపులో తిప్పవచ్చు అని కూడా వేస్తాం" అంది. "మందు మంచిదే. అయినా వేస్తాం."

"ఎవరు చదువుతారక్కా ఆ కాగితాలు?"

"నేను చదువుతాను."

"మీకు జీతమిస్తారు కాబట్టి చదువుతారు" అన్నాడు. అందులోనూ అబద్ధమేమీ లేదు. "ఇప్పుడు ఈ ముక్క రాస్తే ఏమవుతుందో తెలుసా? సగం మంది భయపడి ఆ పెట్టె మార్చేసుకుంటారు. వాటా పడిపోతుంది. జీతం తీసుకునే ఆ ఇంకొకతన్ని నేనే ఇంటికి పంపాలి. కావాలంటే మీటింగులో పెట్టండి. నేను అడ్డు రాను."

ఆవిడ పెట్టలేదు. ఆ వారం పెట్టలేదు, పై వారం పెట్టలేదు. సాయంత్రాలు గదిలో కూర్చుంది, "ఉన్నాను" అంది, రంగులమ్మాయి కూనిరాగం విన్నది. మీటింగులో నోరు తెరిస్తే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. వాళ్ళు తరిమెయ్యరు, అలాంటి మనుషులు కారు. కానీ పిలుపులో తేడా వస్తుంది. ఆ తేడా తట్టుకోగలనా అని తనని తనే అడుగుతూ వచ్చింది. ఈలోగా లిఫ్టు మెకానిక్ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. బుక్‌మార్కులు వరసలో పెట్టుకోవడం ఎలా అని. జవాబు రాయబోయి "మేము" దగ్గర ఆగిపోయింది. ఆయన కొన్నాళ్ళు చూసి, "బృందం వారు పనుల ఒత్తిడిలో ఉన్నట్టున్నారు, తొందరేమీ లేదు" అని రాశాడు.

ఆదివారం అక్క ఫోను చేసినప్పుడు అంతా చెప్పేసింది. వెనక బావ ఎవరికో దంతాల గురించి నచ్చచెబుతున్నాడు.

"నీకెందుకే ఆ గొడవ" అంది అక్క. "తీసుకుంటే తీసుకున్నారు. నీ జేబులోంచి పోయిందా?"

"నేను లేదని రాశాను."

"తెలియక రాశావు. తెలిశాక మళ్ళీ రాయకు, సరిపోయింది."

"చదివినాయన నమ్మాడు."

బావ గొంతు దూరమైంది, అక్క పక్కగదిలోకి నడిచినట్టుంది. తర్వాత గొంతు తగ్గించి, "నేను చెబితే కోపం తెచ్చుకోకు. నేను వచ్చేసినప్పట్నుంచీ నీకు మాట్లాడేందుకు వాళ్ళేగా ఉన్నారు. వాళ్ళనీ దూరం చేసుకుని ఏం చేస్తావే? గోడలతో మాట్లాడతావా?" అంది.

ఒత్తులక్కకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. అక్క ఆ మాట పైకి అన్నది కాబట్టి ఇక అది తనకి తెలియనట్టు ఉండటానికి వీల్లేకపోయింది. ఇన్నాళ్ళూ ఊరుకున్నది మేస్త్రి జీతం కోసం కాదు, ఇంకొకతని ఉద్యోగం కోసం కాదు. సాయంత్రం ఎవరో ఒకరు అక్కా ఉన్నారా అనాలి, అందుకు. పిచ్చుకకి ఆ కంపెనీ ఇచ్చేది వాటా, పిచ్చుక తనకిచ్చేది ఇది. రెండూ ఊరుకున్నందుకు వచ్చేవే. ఫోను పెట్టేసి కూర్చుని, వాక్యం రాసుకుంది.

మీటింగు రోజున తన వంతు వచ్చేదాకా ఆగి, చదివింది: "మీరు ఈ పెట్టెలో వెతికినప్పుడు, ఈ కంపెనీ ప్రకటనల మీద తనకి వచ్చే డబ్బులో కొంత మాకు వాటాగా ఇస్తుంది. మా ఖర్చుల్లో చాలా భాగం దానితోనే గడుస్తోంది. ఎంతన్నది చెప్పకూడదని ఒప్పందం. వద్దనుకుంటే ఇక్కడ నొక్కి వేరేదానికి మార్చుకోండి." తర్వాత, "ఇది 'మా తోడు' అన్న మాట తీసేసి, పెట్టె కిందే పెట్టాలి. లోపలెక్కడో కాదు" అంది.

"అంత పొడుగు వాక్యం అక్కడ పట్టదక్కా" అంది రంగులమ్మాయి.

"అక్షరాలు చిన్నవి చెయ్యమ్మా. చీమ తలకాయంత ఉన్నా ఫరవాలేదు. ఉండాలి."

ప్రోగ్రాములు రాసే ఒకతను, "మందులతో పాటు సైడ్ ఎఫెక్టులు కూడా వస్తాయని తెలుసు గానీ, అక్క రూపంలో వస్తాయనుకోలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఒత్తులక్క కూడా నవ్వింది. ఆ నవ్వు తగ్గాక ఇంకొకతను, జీతం తీసుకునే ఆ రెండో అతను, ఎప్పుడూ పెద్దగా మాట్లాడనివాడు, "అక్కా, ఇది నాకు ఎలా చుట్టుకుంటుందో ఆలోచించారా?" అని అడిగాడు.

"ఆలోచించాను బాబూ" అంది. "ఆలోచించే ఇన్నాళ్ళు ఊరుకున్నాను. నేను లేదని రాసిచ్చాను, అవతలాయన నమ్మాడు. ఇంక నా వల్ల కాదు."

మేస్త్రి మామూలు గొంతుతో, "అక్క ప్రతిపాదన విన్నారు. అభ్యంతరాలుంటే చెప్పండి" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. లోపలి రాతంతా లోకానికి తెరిచిపెట్టామని చెప్పుకునేవాళ్ళు, ఈ ఒక్క ముక్కా దాచుదామని పైకి ఎలా అంటారు? కీబోర్డులు ఆగిపోయాయి. ఎవరి ఇంట్లోనూ ఏ చప్పుడూ లేదు. అందరూ మైకులు కట్టేసుకున్నారని ఆవిడకి తర్వాత అర్థమైంది. మేస్త్రి ఆగాల్సినంతసేపు ఆగి, "ఆమోదం" అన్నాడు. మౌనం అర్ధాంగీకారం అన్నవాళ్ళు, మిగిలిన ఆ సగం ఏమిటో మాత్రం చెప్పలేదు.

కొత్త పిచ్చుక వచ్చింది. పెట్టె కింద నాలుగు వాక్యాలూ వచ్చాయి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. మేస్త్రి మాట మీద నిలబడే మనిషి. అన్ని భాషల్లోనూ పెట్టించాడు. వాటా కొంత తగ్గింది. రెండో అతను ఇంటికి పోలేదు గానీ, సగం రోజులు వేరే పని వెతుక్కున్నాడు. ఇదంతా ఆవిడకి మేస్త్రి చెప్పాడు, ఉన్నదున్నట్టు, నిష్ఠూరమేమీ లేకుండా. సాయంత్రాలు ఆవిడ గది తెరిచేది. మొదట్లో ఒకరిద్దరు ఉండేవారు. తర్వాత మేస్త్రి ఒక్కడే ఉండేవాడు, పనుందని తొందరగా వెళ్ళిపోయేవాడు. తర్వాత తనొక్కతే.

పని మాత్రం ఆగలేదు. బొమ్మలు మారుతున్నాయి, తెలుగు చేయాల్సిన మాటలు ఎప్పటిలా వస్తున్నాయి. మాట్లాడుకోకుండా ఇంత పని ఎలా జరుగుతోందా అని చాలా రోజులు అమాయకంగా ఆశ్చర్యపోయింది. ఒకరోజు రంగులమ్మాయి పొరపాటున ఒక ముక్క పంపింది: "నిన్న గదిలో అనుకున్నట్టు బటన్ నీలం చేశాను." నిన్న గదిలో ఒత్తులక్క తప్ప ఎవరూ లేరు. అంటే ఇంకో గది ఉంది.

రంగులమ్మాయి గబుక్కున "సారీ అక్కా, ఇది మీక్కాదు" అని రాసింది. "ఫరవాలేదమ్మా. నీలం బావుంది" అని ఈవిడ జవాబిచ్చింది. తప్పు దిద్దినందుకు ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి. ఆ సాయంత్రం ఆవిడ వంట చేసుకోలేదు. పిలిచేవాళ్ళు లేని గదిని తెరిచి పెట్టుకుని కాసేపు కూర్చుని, మూసేసింది. చేసినదానికి పశ్చాత్తాపం లేదు. దుఃఖం మాత్రం ఉంది, చాలా ఉంది, దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. అక్కకి చెబితే, నేను చెప్పానా అనదు. అంతకంటే కష్టం, తనూ ఏడుస్తుంది.

లిఫ్టు మెకానిక్‌కి ఆవిడ అంతకు ముందే రాసింది. "మేము మీకు లోగడ రాసినది తప్పు. కంపెనీ వాటా ఇస్తుంది. ఇప్పుడు పెట్టె కింద ఆ సంగతి వేశాము. మా మాట నమ్మి మీరు నలుగురిలో మాట పడాల్సి వచ్చినందుకు మన్నించండి" అని. ఆయన నుంచి జవాబు చాలా రోజులు రాలేదు. ఆయనా దూరమయ్యాడనుకుంది. వచ్చినప్పుడు మాత్రం నిండుగా వచ్చింది.

"బృందం వారందరికీ నమస్కారం. మోకాలి నొప్పి వల్ల కంప్యూటర్ ముందు కూర్చోలేకపోయాను. మీరు వేసిన నాలుగు వాక్యాలూ చదివాను. పెట్టె మార్చలేదు. సంగతి తెలిశాక మార్చుకోవాలనిపించలేదు. పార్కులో ఆయనకి చెప్పాను, నువ్వన్నదే నిజం, కానీ వాళ్ళే ఒప్పుకున్నారు చూడమని. నేను యూనియన్‌లో పనిచేసినవాణ్ణి. ఒక్కడు తప్పు ఒప్పుకోవడం తేలిక, నలుగురూ కలిసి ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మీరంతా ఒక్కచోట కూర్చుని, వాదించుకుని, చివరికి ఒక్కమాట మీదికి వచ్చి ఉంటారు. ఆ సమయంలో మీ గదిలో ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అంతమంది మంచివాళ్ళ మధ్య పనిచేస్తున్న మీరు అదృష్టవంతులు. ప్రతి ఒక్కరికీ పేరుపేరునా నా కృతజ్ఞతలు చెప్పండి."

ఒత్తులక్క ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. అలవాటుగా "మేము మీ ఉత్తరం అందుకున్నాము, అందరం సంతోషించాము" అని మొదలుపెట్టింది. పెద్దాయన మోకాలి నొప్పితో కూర్చుని ఊహించుకున్న ఆ గదిని ఆయనకి అలాగే వదిలేస్తే పోయేదేమీ లేదు. ఆయనకి హాయిగా ఉంటుంది. ఆవిడా ఆ మాటలు చూసుకుంటూ కాసేపు హాయిగానే ఉంది. తర్వాత రాసిందంతా కొట్టేసి, మళ్ళీ రాసింది.

"నమస్కారమండీ. బృందం అని రాస్తున్నాను గానీ, బృందమేమీ లేదు. మొదటి ఉత్తరం నుంచీ మీకు జవాబు రాస్తున్నది నేనొక్కదాన్నే. మీరు పేరుపేరునా చెప్పమన్న కృతజ్ఞతలు చెప్పడానికి ఇక్కడ ఇంకెవరూ లేరు. మీ మోకాలు ఎలా ఉందో రాయండి."